ఎయిర్ రైఫిల్‌లో ఏ పెల్లెట్లు వేయాలి: చదును తలవా, గుండ్రటివా, మొనదేలినవా?

ఎయిర్ రైఫిల్ ఒక్కసారి కొంటాం, పెల్లెట్లు మాత్రం కొంటూనే ఉంటాం. అయినా రైఫిల్ మోడల్ కోసం వారాల తరబడి వీడియోలు చూసినవాళ్లే పెల్లెట్ల దగ్గరికొచ్చేసరికి "ఏదో ఒక డబ్బా ఇవ్వండి" అనేస్తారు. తర్వాత గురి కుదరడం లేదని రైఫిల్‌ని తిడతారు. విజయనగరం, శ్రీకాకుళం వైపు ఉన్నవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది. నాలుగు రకాలు పక్కపక్కన పెట్టి చూపించే షాపు దగ్గర్లో దొరకడం కష్టం. విశాఖ వెళ్లినప్పుడు తెచ్చుకోవాలి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. అందుకే ఏది కావాలో ముందే తేల్చుకుని బయల్దేరడం మంచిది.

ఇక్కడ రాసేదంతా .177 సైజు, అంటే 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ల గురించే. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం బోరు .177 దాటినా, బారెల్ దగ్గర శక్తి 20 జౌళ్లు దాటినా ఎయిర్ రైఫిల్‌కు కూడా లైసెన్స్ కావాలి. ".22 అయితే ఇంకా గట్టిగా తగులుతుందట కదా" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే. లైసెన్స్ లేకపోతే అది మీ లిస్టులోనే ఉండకూడదు.

## ముందు చూసుకోవాల్సినవి

మీ రైఫిల్ ఏ రకం? మన దగ్గర ఎక్కువమంది చేతిలో ఉండేది బారెల్‌ని కిందికి వంచి లోడ్ చేసే స్ప్రింగ్ రైఫిల్. ట్రిగ్గర్ నొక్కగానే లోపల స్ప్రింగ్ పిస్టన్‌ని ముందుకు తోస్తుంది. పిస్టన్ గాలిని నొక్కితే ఆ గాలి పెల్లెట్‌ని తోస్తుంది. ఇక్కడ పెల్లెట్ బరువు నేరుగా పిస్టన్ మీద ప్రభావం చూపిస్తుంది. పెల్లెట్ మరీ తేలికైతే గాలికి ఎదురు ఉండదు, పిస్టన్ వెళ్లి సిలిండర్ గోడకు దబ్బున గుద్దుకుంటుంది. మరీ బరువైతే పెల్లెట్ కదిలేలోపే పిస్టన్ వెనక్కి ఎగురుతుంది. రెండింట్లోనూ గురి చెడుతుంది, పిస్టన్‌కి గాలి పోకుండా ఉండే సీల్ కూడా త్వరగా పోతుంది. సిలిండర్‌లో గాలి నింపుకునే పీసీపీ రైఫిళ్లకు ఈ బాధ లేదు. అవి బరువు పెల్లెట్‌ని కూడా నెమ్మదిగా, ఒకేలా తోస్తాయి.

ఎంత దూరం, దేన్ని కొట్టాలి? 10 మీటర్ల దూరంలో పేపర్ టార్గెట్ ఒక ఆట. కొబ్బరితోటలో 30 మీటర్ల అవతల వేలాడదీసిన రేకు ముక్క ఇంకో ఆట. ఒకే డబ్బా రెంటికీ సరిపోదు.

బరువు. డబ్బా మీద గ్రెయిన్లలోనో గ్రాముల్లోనో ఉంటుంది. ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు. .177లో 7 గ్రెయిన్లు (0.45 గ్రాములు) తేలిక, 8.2 నుంచి 8.5 వరకు (0.53 నుంచి 0.55 గ్రాములు) మధ్యరకం, 10 దాటితే (0.65 గ్రాముల పైన) బరువు రకం.

తల సైజు. మంచి డబ్బాల మీద 4.49, 4.50, 4.51, 4.52 అని రాసి ఉంటుంది. అన్నీ .177యే, కానీ బారెల్‌కి ఆ సన్నని తేడా తెలుస్తుంది. వేలితో నొక్కకుండానే జారి లోపలికి పడిపోతే వదులు. బొటనవేలు నొప్పి పుట్టేలా నొక్కాల్సి వస్తే బిగువు. కొంచెం ఒత్తిడితో ఒకేలా కూర్చునేది మీ సైజు.

పొడవు. మ్యాగజైన్ ఉన్న రైఫిల్‌కే ఇది లెక్క. పొడవాటి పెల్లెట్ మ్యాగజైన్ బయటికి తల పెట్టి ఇరుక్కుపోతుంది. ఒక్కొక్కటిగా లోడ్ చేసేవాళ్లు దీన్ని పట్టించుకోనక్కర్లేదు.

ఈ జాబితాలో వేగాన్ని కావాలనే చేర్చలేదు. అట్టపెట్టె మీద "సెకనుకు 1000 అడుగులు" అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. చాలాసార్లు అది తేలికపాటి మిశ్రమలోహపు పెల్లెట్ వేసి తీసిన లెక్క. మామూలు సీసం పెల్లెట్ వేస్తే అదే రైఫిల్‌లో వేగం బాగా తగ్గుతుంది. ఒలింపిక్స్‌లో వాడే 10 మీటర్ల రైఫిళ్లు సెకనుకు సుమారు 170 మీటర్ల దగ్గరే కొడతాయి. అంటే 560 అడుగులే. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం తెచ్చింది ఈ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లోనే. వేగంతోనే గురి కుదిరేదైతే ఆ రైఫిళ్లను అలా తయారుచేయరు.

## రకాలు పక్కపక్కన

| రకం | బాగా పనికొచ్చే చోటు | ఇబ్బంది |
|---|---|---|
| చదును తల | 10 మీటర్ల పేపర్ టార్గెట్ | 20, 25 మీటర్లు దాటితే చెదురుతుంది |
| గుండ్రటి తల, మధ్యరకం బరువు | 10 నుంచి 35 మీటర్లు, అన్నిరకాల సాధన | పేపర్ మీద రంధ్రం చిరిగినట్టు పడుతుంది |
| గుండ్రటి తల, బరువు రకం | పీసీపీ, గాలి ఉన్నచోట దూరపు గురి | మామూలు స్ప్రింగ్ రైఫిల్‌కు భారం |
| మొనదేలినది | చెప్పుకోదగ్గది లేదు | మొన అంచు మధ్యలో లేకపోతే గురి పోతుంది |
| తలలో గుంట ఉన్నది | మనకు అవసరం లేదు | వేట కోసం చేసిన రకం |
| తేలిక మిశ్రమలోహం | సీసం వద్దనుకునేవాళ్లకు | స్ప్రింగ్ రైఫిల్‌లో పిస్టన్ దెబ్బ, త్వరగా వేగం కోల్పోవడం |
| ఉక్కు గుండ్లు | వాటికోసమే చేసిన గన్‌లు | గాడులున్న బారెల్ పాడవుతుంది, వెనక్కి ఎగిరొస్తాయి |

### చదును తల

పోటీల్లో అందరూ వేసేది ఇదే. తల చదునుగా, అంచు పదునుగా ఉంటుంది కాబట్టి పేపర్‌ని పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రంగా కోస్తుంది. అది చూడ్డానికి అందంగా ఉండటం కోసం కాదు. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో వలయాలన్నీ కలిపి 45.5 మిల్లీమీటర్లే. మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 4.5 మిల్లీమీటర్ల పెల్లెట్ ఆ చుక్కని తాకిందా లేదా అన్నది రంధ్రం అంచుని బట్టే తేలుస్తారు. అంచు చిరిగితే తేల్చడం కష్టం.

పోటీ రకాల్లో రైఫిల్‌కు 0.53 గ్రాములవి, పిస్టల్‌కు 0.45 నుంచి 0.50 గ్రాములవి ఎక్కువగా నడుస్తాయి. ఆర్‌డబ్ల్యూఎస్ ఆర్10, మైస్టర్‌కుగెల్న్, హెచ్ అండ్ ఎన్ ఫినాలే మ్యాచ్ అనేవి జర్మనీ పేర్లు. వీటిలో రైఫిల్‌కూ పిస్టల్‌కూ వేరువేరు బరువులుంటాయి, ఆర్డర్ పెట్టేటప్పుడు చూసుకోవాలి. ఆర్‌డబ్ల్యూఎస్ హాబీ అనేది ఇదే ఆకారంలో తేలిక రకం, 0.45 గ్రాములు, సాధనకు చవక. మన దేశంలో తయారైనవి వీటికంటే బాగా తక్కువ ధరకు వస్తాయి. ఒక డబ్బా బాగుండి తర్వాతి డబ్బాలో పెల్లెట్ల వెనక అంచులు వంకరగా కనిపించడం వాటితో వచ్చే తలనొప్పి. అన్నీ అలా ఉంటాయని కాదు, కానీ డబ్బా తెరవగానే ఒక గుప్పెడు అద్దం మీద దొర్లించి చూడండి. అన్నీ దాదాపు ఒకే వంపులో తిరగాలి. గతి తప్పి తడబడేవి పక్కన పెట్టేయండి.

### గుండ్రటి తల

ఒకే డబ్బా కొనాలి, ఏ పని పడుతుందో తెలియదు అంటే నేను ఇదే చెబుతాను. జేఎస్‌బీ ఎగ్జాక్ట్ 8.44 గ్రెయిన్లు, క్రాస్‌మన్ ప్రీమియర్ 7.9 గ్రెయిన్లు ఈ తరహావి. గాలిని చీల్చుకుపోయే ఆకారం కాబట్టి చదును తల కంటే నెమ్మదిగా వేగం కోల్పోతుంది. 10 మీటర్లలో రెంటికీ తేడా కనిపించదు. 25 మీటర్లు దాటాక చదునుది అటూ ఇటూ ఊగిసలాడుతుంది, ఇది తిన్నగా వెళుతుంది. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపు ఒడ్డు ఊళ్లలో మధ్యాహ్నం నుంచి గాలి లేస్తుంది. అక్కడ ఆరుబయట సాధన చేసేవాళ్లకు చదును తల పెల్లెట్లతో రోజూ విసుగే.

ఇందులోనే 10.34, 10.65 గ్రెయిన్ల బరువు రకాలున్నాయి. గాలి తక్కువ తోస్తుంది, దూరం బాగా నిలబడుతుంది. పీసీపీ ఉంటే తప్పకుండా ఒక డబ్బా ప్రయత్నించండి. మామూలు స్ప్రింగ్ రైఫిల్‌లో మాత్రం కుదుపు పెరుగుతుంది, పెల్లెట్ చాలా కిందికి పడుతుంది, సైట్లు మళ్లీ సరిచేసుకోవాలి. బరువు ఎక్కువైతే దెబ్బ ఎక్కువని కొంటారు, కానీ స్ప్రింగ్ రైఫిల్‌లో శక్తి పెరగకపోగా చాలాసార్లు తగ్గుతుంది.

### మొనదేలినవి, గుంటవి

మొన చూస్తే ముచ్చటగా ఉంటుంది, అమ్మకాలు కూడా అందుకే. సీసం మెత్తని లోహం. డబ్బాలో ఒకదానికొకటి తగిలి మొన వంగుతుంది. మొన మధ్యలో లేని పెల్లెట్ తిరుగుతూ వెళ్లేటప్పుడు దారి తప్పుతుంది. తలలో గుంట పెట్టిన రకం తగిలాక విచ్చుకోవడానికి చేసింది, వేటగాళ్ల సరుకు. టార్గెట్‌కి విచ్చుకోవాల్సిన పనేముంది?

వేట మాట వచ్చింది కాబట్టి ఒక్కటి చెప్పి ముందుకెళతాను. ఎయిర్‌గన్‌కి లైసెన్స్ అక్కర్లేదంటే పక్షుల్ని కొట్టవచ్చని కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గన్ ఏమిటన్నది చూడదు. శ్రీకాకుళం జిల్లాలో తేలినీలాపురానికి గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు, తేలుకుంచికి నత్తగొట్టు కొంగలు ఏటా వచ్చి చింతచెట్ల మీద, వెదురు పొదల్లో గూళ్లు కడతాయి. ఆ ఊళ్లవాళ్లే వాటికి కాపలా. అలాంటి జిల్లాలో ఉండి ఏ పెల్లెట్‌తో పక్షి పడుతుందని అడిగితే నా దగ్గర సమాధానం లేదు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కోతుల బాధ నిజమే. కానీ .177 పెల్లెట్ కోతిని చంపదు, ఒంట్లో సీసంతో నెలల తరబడి పుండుతో తిప్పుతుంది. జంతు హింస నిరోధక చట్టం కింద కేసు కూడా అవుతుంది.

### మిశ్రమలోహం, ఉక్కు

సీసం లేని తేలిక పెల్లెట్లు 5 గ్రెయిన్ల చుట్టూ ఉంటాయి. వాటి వేగం ధ్వని వేగానికి దగ్గరగా వెళ్లినప్పుడు చప్పుడు పెరుగుతుంది, పెల్లెట్ తడబడుతుంది. పీసీపీలో సీసం వద్దనుకునేవాళ్లకు 10 మీటర్లలో ఫర్వాలేదు. స్ప్రింగ్ రైఫిల్‌లో వద్దు.

ఉక్కు గుండ్లు గాడులున్న బారెల్‌లో వేయనే వేయకండి. గాడులు అరిగిపోతాయి. అంతకంటే పెద్ద ప్రమాదం, గట్టి గోడకో రాయికో తగిలి అదే దారిలో వెనక్కి వస్తాయి. సీసం పెల్లెట్ తగిలి నలిగిపోతుంది, ఉక్కు నలగదు.

## ఎవరికి ఏది

పోటీల కోసం నేర్చుకునే విద్యార్థులకు. సాధనకు ఒకటి, మ్యాచ్‌కి ఒకటి అని రెండు డబ్బాలు పెట్టుకుంటే ఖర్చు అదుపులో ఉంటుంది. క్వాలిఫికేషన్‌లో 60 షాట్లు ఉంటాయి. రోజుకు 60 చొప్పున వారానికి మూడు రోజులు కొడితే వారానికి 180, నాలుగు వారాలకు 720. 500 పెల్లెట్ల డబ్బా దాదాపు ఒకటిన్నర అయిపోతుంది. మన జిల్లాలకు బాగా తెలిసిన ఆట వెయిట్‌లిఫ్టింగ్. 2000లో సిడ్నీలో పతకం తెచ్చిన కరణం మల్లీశ్వరి ఊసవానిపేట అమ్మాయి. విజయనగరం జిల్లా కొండవెలగాడలో ఇంటింటా లిఫ్టర్లే. అక్కడ ఒక బార్‌బెల్ సెట్ కొంటే ఊరంతటికీ ఏళ్ల తరబడి సరిపోతుంది. షూటింగ్‌లో మాత్రం ప్రతి షాట్‌కీ డబ్బు. తల్లిదండ్రులు రైఫిల్ ధర ఒక్కటే చూసి ఒప్పుకుంటే తర్వాత ఇబ్బంది పడతారు. మొదటి ఆర్నెల్లు నిలబడే తీరు, ఊపిరి, ట్రిగ్గర్ కుదురుకోవడానికే పోతాయి. ఆ దశలో ఖరీదైన మ్యాచ్ పెల్లెట్లు వేసినా స్కోరు మారదు. చవకైన చదును తల రకంలో ఒకేలా వచ్చే బ్రాండ్ పట్టుకుని దానితోనే సాగండి. గ్రూపులు, అంటే వరుస షాట్ల రంధ్రాలు పడే గుంపులు, చిన్నవి అవుతున్నాయని కోచ్ చెప్పినప్పుడు పైరకానికి వెళ్లండి.

పెరట్లో, మేడ మీద సరదాగా కొట్టేవాళ్లకు. స్ప్రింగ్ రైఫిల్ అయితే 7 నుంచి 8.5 గ్రెయిన్ల మధ్య చదును లేదా గుండ్రటి తల. అంతకుమించి ఆలోచించకండి. మిగిలిన డబ్బు పెల్లెట్ ఆగే పెట్టె మీద పెట్టండి. లోపల మందపాటి రేకు ఏటవాలుగా, దాని ముందు పాత బట్టలు కుక్కిన చెక్కపెట్టె చాలు. కాంపౌండ్ గోడ టార్గెట్ కాదు. గురి తప్పిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది, మేడ మీద నుంచి అయితే పక్క వీధి దాకా. కళ్లద్దాలు పెట్టుకోండి, పక్కన చూస్తున్న పిల్లలకూ పెట్టండి.

తోటలో 25, 35 మీటర్ల గురి కోరేవాళ్లకు. గుండ్రటి తల, 8.4 గ్రెయిన్ల దగ్గర. పీసీపీ ఉంటే 10 గ్రెయిన్లు. ఇక్కడ ఒక్క పైసా తగ్గించినా టార్గెట్ మీద కనిపిస్తుంది. 10 మీటర్లలో కనిపించని తేడా 30 మీటర్లలో మూడింతలకు మించుతుంది.

మ్యాగజైన్ ఉన్న రైఫిల్, లివర్ తిప్పి లోడ్ చేసే కౌబాయ్ తరహా గ్యాస్ రైఫిల్ ఉన్నవాళ్లకు. ముందు పొడవు చూడండి. బరువు గుండ్రటివి, మొనవి ఇరుక్కునేవి ఎక్కువ. పొట్టిగా ఉండే చదును తలతో మొదలుపెడితే పని ఆగదు.

జాతర్లలో బెలూన్ల దుకాణం పెట్టేవాళ్లకు. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజుల్లో విజయనగరంలో గన్ను పట్టని కుర్రాడుండడు. బెలూన్‌కి చవకైన చదును రకం చాలు. వెనక రేకు మీద దళసరి గోనె వేలాడదీయండి, పెల్లెట్ ముక్కలు జనం మీదికి రావు.

## మీ బారెల్ ఏమంటుందో చూడటం

పైన చెప్పిందంతా రెండు మూడు డబ్బాలు ఎంచుకోవడం వరకే పనికొస్తుంది. చివరి మాట బారెల్‌దే. ఒకే కంపెనీ, ఒకే మోడల్ రైఫిళ్లు రెండు తెచ్చినా ఒకదానికి నచ్చిన పెల్లెట్ రెండోదానికి నచ్చకపోవచ్చు. అందుకే పక్కవాడికి బాగా పడిందని ఒకేసారి పది డబ్బాలు తెప్పించకండి.

కొత్త రకం వేసేటప్పుడు మొదటి 15, 20 షాట్లు లెక్కపెట్టకండి. బారెల్‌లో పాత పెల్లెట్ సీసం పూత పోయి కొత్తది పట్టాలి. తర్వాత ఒక్కో రకంతో ఐదేసి షాట్ల గ్రూపులు నాలుగు కొట్టండి. ఒక గ్రూపు బాగా పడటం అదృష్టం కావచ్చు, నాలుగూ పడితే అది పెల్లెట్ గుణం. దూరంగా ఉన్న రెండు రంధ్రాల బయటి అంచుల మధ్య కొలిచి 4.5 మిల్లీమీటర్లు తీసేయండి. అదే గ్రూపు సైజు. గ్రూపు టార్గెట్ మధ్యలో పడిందా పక్కన పడిందా అన్నది చూడకండి, సైట్లు తర్వాత తిప్పుకోవచ్చు.

స్ప్రింగ్ రైఫిల్‌ని బల్ల మీదో ఇటుక మీదో గట్టిగా ఆనించి పరీక్షిస్తే ఏ పెల్లెట్టూ బాగుండదు. ముందు చెక్కని తెరిచిన అరచేతిలో వదులుగా పెట్టుకుని, కుదుపుని ఆపకుండా వదిలేయాలి. ప్రతిసారీ ఒకే చోట పట్టుకోవాలి.

ఇంకోటి. షాట్లు ఉన్నట్టుండి పైకీ కిందికీ పోతుంటే, బారెల్ నుంచి పొగ, కాలిన వాసన వస్తుంటే పెల్లెట్ని అనుమానించకండి. ఎవరో గాలి రంధ్రంలో నూనె పోసి ఉంటారు. కుట్టుమిషన్ నూనె, కొబ్బరినూనె పోసేవాళ్లు నాకు చాలామంది తెలుసు. పిస్టన్ నొక్కినప్పుడు పుట్టే వేడికి ఆ నూనె మండుతుంది, వేగం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, సీల్ కాలుతుంది. అది ఆరేదాకా పోలిక మొదలుపెట్టకండి.

## కొన్నాక

నచ్చిన రకం దొరికాక డబ్బా వెనక బ్యాచ్ నంబర్ రాసుకోండి. అదే బ్యాచ్ రెండు మూడు డబ్బాలు దొరికితే తీసుకోండి. బ్యాచ్ మారితే తల సైజులో సన్నని తేడా రావచ్చు.

సముద్రపు గాలికి, వానాకాలపు చెమ్మకి సీసం మీద తెల్లటి పొడి పడుతుంది. అలా పొడి పట్టిన పెల్లెట్లు వాడకండి, ఆ పొడి ఊపిరిలోకి పోతే విషం. మూత బిగుతుగా ఉన్న రేకు డబ్బాలోనే ఉంచండి. కొత్త చెక్క సొరుగులో విడిగా పోయకండి, చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని ఇంకా త్వరగా తినేస్తుంది. లోడ్ చేయడానికి వీలుగా ఉంటుందని నోట్లో నాలుగు పెల్లెట్లు పెట్టుకునే అలవాటు ఉన్నవాళ్లు ఇప్పుడే మానేయండి. సాధన అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా పకోడీ పొట్లం ముట్టుకోకండి, ఎత్తిపారేసే నలిగిన సీసాన్ని పిల్లలు ఏరుకునే చోట వేయకండి.